ఉపసంహరణ వేరు, రద్దు వేరు

ప్రశ్న: ప్రభుత్వం తన నిర్ణయాన్ని మార్చుకున్నప్పుడు ఒక పత్రిక ‘రద్దు’ అని రాస్తుంది, ఇంకొకటి ‘ఉపసంహరణ’ అంటుంది, మరొకటి ‘వెనకడుగు’ అంటుంది. ఇవన్నీ ఒకటేనా? పదో తరగతి పిల్లలు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను.
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: ఒకటి కావు. ఒకటే అనుకుని వాడడం వల్ల జనం ఇబ్బంది పడడం మనం కళ్లారా చూశాం. 2016 నవంబరు 8 రాత్రి రూ.500, రూ.1000 నోట్లు ఇక చెల్లవని ప్రధాని ప్రకటించారు. అర్ధరాత్రి దాటేసరికి వాటి చెల్లుబాటు పోయింది కనుక ‘నోట్ల రద్దు’ అన్న మాట దానికి సరిగ్గా అతికింది. 2023 మే 19న రిజర్వు బ్యాంకు చేసిన ప్రకటన అలాంటిది కాదు. రూ.2000 నోటును చలామణి నుంచి ఉపసంహరిస్తున్నామని చెబుతూనే, అది చట్టబద్ధంగా చెల్లుతూనే ఉంటుందని ఆ ప్రకటనలోనే స్పష్టం చేసింది. బ్యాంకుల్లో మార్చుకోవడానికి మొదట సెప్టెంబరు 30 వరకు గడువిచ్చి, తర్వాత దాన్ని అక్టోబరు 7 వరకు పొడిగించింది. అయినా ‘రెండు వేల నోటు రద్దు’ అన్న మాటే ఊరంతా పాకింది. ఆ వారంలోనే ఒకనాడు మా వీధి మందుల దుకాణంలో ఒక పెద్దావిడ కొంగు ముడి విప్పి రూ.2000 నోటు తీస్తే, “అది రద్దయిపోయింది కదమ్మా, నేనేం చేసుకోను?” అంటూ దుకాణదారు తిప్పి ఇచ్చేశాడు. ఆవిడ మాత్రలు తీసుకోకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది. తప్పు ఆయనదని నేను అనను. ఆయన చెవిన పడిన మాటే ఆయన అన్నాడు.

‘ఉపసంహరణ’ అంటే ఏమిటో భారతంలోని సౌప్తిక పర్వం చెప్పినంత బాగా ఏ నిఘంటువూ చెప్పదు. అశ్వత్థామ, అర్జునుడు ఎదురెదురుగా అస్త్రాలు ప్రయోగించినప్పుడు వ్యాసుడు, నారదుడు మధ్యలో నిలిచి వాటిని ఉపసంహరించమంటారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకున్నాడు. అశ్వత్థామకు అది చేతకాక, ఆ అస్త్రం ఉత్తర గర్భం మీదికి వెళ్లింది. ఎవరు వేసింది వారే వెనక్కి తీసుకోవడం ఉపసంహరణ అన్నమాట. ఇప్పటికీ ఎన్నికల వార్తల్లో ఈ తేడా చెక్కుచెదరలేదు. నామినేషన్‌ను ఉపసంహరించుకునేది దాన్ని వేసిన అభ్యర్థి, తిరస్కరించేది రిటర్నింగ్ అధికారి. ఈ రెండు మాటలను తారుమారు చేసే విలేకరి ఎక్కడా కనిపించడు. అంత శ్రద్ధ మిగతా వార్తల్లోనూ ఉండాలని నా కోరిక.

‘రద్దు’ అరబ్బీ మాట. పారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి వచ్చి స్థిరపడింది. ఎవరు చేశారన్నది ఈ మాట చెప్పదు, ఏమైందన్నది మాత్రమే చెబుతుంది: ఉన్నది ఇక లేదు. అందుకే నిజంగా లేకుండా పోయాకే ఈ మాట రాయాలి. 2020లో తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాలనే తీసుకోండి. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు వాటి అమలును ఆపింది, అది నిలుపుదల. వాటిని వెనక్కి తీసుకుంటామని నవంబరు 19న ప్రధాని చెప్పారు. అది ఉపసంహరణ ప్రకటన. నవంబరు 29న పార్లమెంటు ఉభయ సభలు ఆమోదించినదే రద్దు బిల్లు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిగా కూర్చున్న రైతులకు ఈ తేడా బాగా తెలుసు. ప్రకటన విని సంతోషించారే గాని, చట్టాలు పార్లమెంటులో రద్దయ్యేదాకా కదలబోమన్నారు. ఇతర డిమాండ్లు కూడా ఉండడంతో, ఆందోళన ఆపుతున్నట్లు డిసెంబరు 9న గాని ప్రకటించలేదు.

మన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి కథ కూడా ఇలాంటిదే. 1985లో అది నిజంగానే రద్దయింది, 2007లో పునరుద్ధరణ జరిగింది. 2020 జనవరి 27న శాసనసభ చేసింది మాత్రం రద్దు కాదు, రద్దు కోరుతూ తీర్మానం. రాజ్యాంగం 169వ అధికరణం ప్రకారం మండలిని తీసేసే అధికారం పార్లమెంటుదే. మండలి యథావిధిగా కొనసాగింది. 2021 నవంబరు 23న శాసనసభే ఆ తీర్మానాన్ని ఉపసంహరించుకుంది. ‘మండలి రద్దు’ అన్న శీర్షిక చూసి మండలి పోయిందనుకున్నవారికి రెండో వార్త ఎలా అర్థమవుతుంది?

ఇక ‘వెనకడుగు’, ‘యూటర్న్’, ‘మడమ తిప్పడం’ అన్నవి వార్తలు కావు, అభిప్రాయాలు. సంపాదకీయంలో వాటికి చోటుంది. జనం మాట విని నిర్ణయం మార్చుకున్న ప్రభుత్వాన్ని కూడా అవి ఓడిపోయినట్లే చూపిస్తాయి కనుక మొదటి పేజీలో నేనైతే రాయను. ‘అటకెక్కించడం’, ‘బుట్టదాఖలు’ అన్నవి మరో దారి మాటలు. అక్కడ నిర్ణయం కాగితం మీద అలాగే ఉంటుంది, అమలు మాత్రం ఉండదు.

ప్రశ్న: ‘జీవోపై పిటిషన్ కొట్టివేత’ అన్న శీర్షిక చూసి జీవో పోయిందనుకున్నాను. లోపల చదివితే అది అమల్లోనే ఉంది. పొరపాటు నాదేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: శీర్షికలో తప్పు లేదు గాని, అది పాఠకుణ్ని సులువుగా తికమక పెడుతుంది. కొట్టివేయడం అంటే రాసినదాని మీద కలంతో అడ్డంగా గీత గీయడం. కోర్టు ఆ గీత దేని మీద గీసిందన్నదే ముఖ్యం. జీవో మీద గీస్తే జీవో పోతుంది, పిటిషన్ మీద గీస్తే జీవో నిలుస్తుంది. ఒకే క్రియ రెండు ఎదురెదురు ఫలితాలకు పనిచేస్తోంది. ‘జీవో చెల్లదన్న హైకోర్టు’, ‘జీవోలో జోక్యానికి హైకోర్టు నిరాకరణ’ అని రాస్తే మీకు ఈ ఉత్తరం రాయవలసిన పని ఉండేది కాదు.