ముందు ఆ ఆకుపచ్చ ఫ్యూజు తీసెయ్

చిట్టితల్లీ,

మీ నాన్న మారుతి 800 మీద కప్పిన పట్టా నాలుగేళ్ళ తర్వాత తీశావని, హెడ్‌లైట్ల వైరింగ్ నీ చేత్తో నువ్వే మారుస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఇంకొకరు ఆ పని పట్టారని ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తర్వాత నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. పాత సన్న వైరుకి ఆకుపచ్చ ఫ్యూజు కనిపించింది. ఆకుపచ్చ అంటే 30 ఆంపియర్లు. ఇక రాత్రంతా నిద్ర లేదు.

30 వేస్తే మాటిమాటికీ కొట్టెయ్యదని షాపులో కుర్రాడు అన్నాడట. కొట్టెయ్యడమే దాని పని కదమ్మా! ఫ్యూజు పెట్టేది బల్బును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. వైరు కాలేలోపు అది తెగిపోవాలి. 10 ఆంపియర్లు మోసే వైరుకి 30 ఫ్యూజు పెడితే ముందు వైరే కాలుతుంది. పైగా ఫ్యూజు అంకె దాటగానే ఠక్కున తెగదు. 15 ఆంపియర్ల ఫ్యూజులో 20 పారితే ఒక్కోసారి పది నిమిషాల దాకా నిలబడుతుంది. అంతసేపూ వేడెక్కేది వైరే.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నీకు ఇదివరకెప్పుడూ చెప్పలేదు, మీ నాన్నకి తెలుసు.

1994లో విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డు పెట్టి రెండేళ్ళు. ఒక అంబాసిడర్ టాక్సీకి ముందు రెండు పొగమంచు లైట్లు బిగించాను. వైరును బ్యాటరీ నుంచి ఇంజన్ వెనక రేకు కన్నంలోంచి లోపలికి లాగాను. రేకు అంచు వైరును కొయ్యకుండా ఆ కన్నానికి రబ్బరు బుష్, అంటే రబ్బరు రింగు, వెయ్యాలి. ఆ రోజు షెడ్డులో లేదు, కొనుక్కురావడానికి బద్ధకించాను. వారం తిరక్కుండా ఆ డ్రైవరు సాయంత్రం పూట వచ్చాడు. పెళ్ళివారిని హైదరాబాద్ తీసుకెళ్ళాలి, ఫ్యూజు పోయిందన్నాడు. గాజు ఫ్యూజు మార్చాను. కొట్టేసింది. ఇంకోటి వేశాను. అదీ కొట్టేసింది. అప్పుడైనా వైరు వెంబడి చెయ్యి పెట్టి చూడాల్సింది. రేకు అంచు తగిలి తగిలి తొడుగు చిరిగి, రాగి బాడీకి తగులుతోంది. ఆ సంగతే ఫ్యూజు రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. పెళ్ళివారు తొందర చేస్తున్నారని సిగరెట్ పెట్టెలో వెండి కాగితం మడిచి ఫ్యూజుకి చుట్టి బిగించాను. లైట్లు వెలిగాయి. పది రూపాయలు తీసుకున్నాను.

నందిగామ దాటాక డాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చిందట. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలతో సహా అందరినీ దింపేసి, అతను బానెట్ ఎత్తి ఎర్రగా కాలుతున్న వైరును వట్టి చేత్తో పట్టుకుని లాగేశాడు. ఫ్యూజు చెయ్యాల్సిన పని అతని చెయ్యి చేసింది. కరిగిన తొడుగు అరచేతికి అతుక్కుపోయింది. నాలుగో రోజు కట్టుతో షెడ్డుకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఏమైందో చూడు తమ్ముడూ, బండి మళ్ళీ రోడ్డెక్కాలి" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో బుష్ లేకుండా ఒక్క వైరు కూడా రేకులోంచి దాటించలేదు.

అందుకే నీ మీద కోపం వచ్చింది. కోపం కాదులే, భయం.

ఇప్పుడు లెక్క చూడు. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు. 60 వాట్ల బల్బుకి 5. దానికి పావు వంతు కలుపుకుని పై సైజు ఫ్యూజు చూసుకోవాలి. బల్బు వెలిగే క్షణంలో కరెంటు బాగా ఎక్కువ లాగుతుంది కాబట్టి నేనైతే 10 వేస్తాను, అంటే ఎర్రది. వైరు 1.5 స్క్వేర్ ఎంఎం రాగిది తీసుకో. నువ్వు వెయ్యాలనుకుంటున్న 100 వాట్లదైతే 8 పైచిలుకు, అప్పుడు 2.5 వైరు, 15 ఫ్యూజు, నీలం రంగుది. ఏదైనా సరే, ఫ్యూజు అంకె వైరు మోయగలిగే దానికన్నా తక్కువే ఉండాలి. కుడి లైటుకి ఒకటి, ఎడమ లైటుకి ఒకటి విడివిడిగా పెట్టు. అరకు ఘాట్‌లో, రాత్రిపూట, మలుపులో రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతే ఏమవుతుందో ఊహించడానికే నాకు భయంగా ఉంది. ఫ్యూజు హోల్డర్ బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉండే వైరుకి ఏ కాపలా లేదు.

అసలు ఆ 100 వాట్ల బల్బులు నీకెందుకు? ఆ వేడికి హోల్డర్ ప్లాస్టిక్ కరుగుతుంది, ఎదురొచ్చేవాడికి కళ్ళు కనిపించవు. పాత బండిలో వెలుగు తగ్గేది బల్బు వల్ల కాదు, సన్న వైరులోనూ అరిగిన స్విచ్చిలోనూ వోల్టేజి పడిపోవడం వల్ల. పదో వంతు వోల్టేజి పోతే వెలుగు మూడో వంతు దాకా పోతుంది. రిలే, అంటే స్విచ్చి నుంచి వచ్చే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పెట్టె, పెట్టి, బ్యాటరీ నుంచి లావు వైరు దాని ద్వారా నేరుగా ఇవ్వు. ఉన్న 60 వాట్ల బల్బులే బాగా వెలుగుతాయి. ఎర్త్ వైరు కూడా అంతే లావుండాలి. బిగించేచోట రంగు గీకెయ్. పని చేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టు.

ఆ రిలే నేనే ఎప్పుడో వెయ్యాల్సింది. మీ నాన్న ప్రతి దసరాకీ "బావా, లైట్లు మసగ్గా ఉన్నాయి" అంటూ బండి తెచ్చేవాడు. బల్బు తుడిచి, వచ్చే ఏడు చూద్దాంలే అని పంపేసేవాణ్ణి. ఆ పని ఇప్పుడు నీ చేతికి వచ్చింది. చక్కగా చేస్తావు, నాకు తెలుసు.

ఎర్ర ఫ్యూజులు, రబ్బరు బుష్‌లు రేపు కొరియర్‌లో వేస్తున్నాను. ఈ పూటకి మాత్రం బానెట్ ఎత్తి ఆ ఆకుపచ్చది తీసెయ్. తీశాక ఖాళీ హోల్డర్ ఫోటో పంపు, ఎంత రాత్రయినా సరే. మేలుకునే ఉంటాను.

మీ మావయ్య