పెళ్లి లైవ్ లింకు, అతిథుల ఆధార్ కాపీలు: రెండింటికీ కాపలా కావాలి

ప్రశ్న: ఈ 2021 శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి. కరోనా కారణంగా దగ్గరి బంధువులను మాత్రమే హాలుకు పిలిచి, మిగిలిన వారికి వీడియో మీటింగ్ లింకు పంపాలనుకుంటున్నాము. నిశ్చితార్థానికి ఇలాగే చేస్తే ముక్కూమొహం తెలియని వాళ్లెవరో మీటింగ్‌లోకి వచ్చి అసభ్యమైన వీడియో నడిపారు. పాస్‌వర్డ్ పెట్టినా ఎలా రాగలిగారు? పెళ్లికి వచ్చేవారి టీకా సర్టిఫికెట్లు, ఆధార్ కాపీలు ఆన్‌లైన్ ఫారంలో ముందే తీసుకోమని ఈవెంట్ వాళ్లు అంటున్నారు. తీసుకోవచ్చా? — ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇలాంటి ఉత్తరాలు 2020 వేసవి నుంచి వస్తూనే ఉన్నాయి. మీరు పాస్‌వర్డ్ పెట్టిన మాట నిజమే కాని, చాలా మీటింగ్ యాప్‌లు ఆహ్వానం లింకులోనే ఆ పాస్‌వర్డ్‌ను కలిపేస్తాయి. ఆ లింకు ఒక వాట్సాప్ గ్రూపు నుంచి మరో గ్రూపుకు వెళ్లి, అక్కడి నుంచి ఎవరి స్టేటస్‌లోకో చేరితే, దాన్ని నొక్కిన ప్రతివారికీ తలుపు తానే తెరుచుకుంటుంది. 2020 ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ ఇటువంటి ఒక యాప్ గురించి ఇచ్చిన సూచనల్లో ప్రతి సమావేశానికీ కొత్త ఐడీ, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలనీ, వెయిటింగ్ రూమ్ (నిర్వాహకులు అనుమతించేదాకా వచ్చినవారిని బయటే ఆపే వీలు) వాడాలనీ, స్క్రీన్ షేరింగ్‌ను నిర్వాహకులకే పరిమితం చేయాలనీ, అందరూ వచ్చాక మీటింగ్‌కు తాళం వేయాలనీ స్పష్టంగా ఉంది. ఏడాది దాటినా ఆ నాలుగింటిలో ఒక్కటైనా చేయకుండా ఇళ్లలో శుభకార్యాలు జరుగుతున్నాయి. నేను వాడేవారిని మాత్రమే తప్పుపట్టడం లేదు. ఎవరో తెలియని మనిషి వచ్చీ రాగానే వందమంది తెరల మీద తన వీడియో నడపగలిగేలా ఒక ఉపకరణాన్ని తయారుచేసి, దాన్ని ఆపే మీటను సెట్టింగుల లోతుల్లో దాచినవారిది అంతకంటే పెద్ద బాధ్యత.

మీరు పెళ్లికి మీటింగ్‌ను ఎంచుకోవడమే సరికాదని నా అభిప్రాయం. 2020 ఏప్రిల్ 2న భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం భక్తులు లేకుండా జరిగినప్పుడు, అదే ఏడాది సెప్టెంబరులో తిరుమల బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగినప్పుడు, జనం వాటిని టీవీ ప్రసారంలోనే చూశారు. ఒకవైపు ప్రసారంలో చూసేవారి మైకుకూ కెమెరాకూ చోటే లేదు కనుక చొరబాటు అనే సమస్యే పుట్టదు. మీరు కూడా దూరపు బంధుమిత్రులందరికీ లైవ్ ప్రసారం లింకు ఇవ్వండి, అందులో చాట్‌ను మూసివేయండి. అక్షింతలు వేసి నోరారా ఆశీర్వదించవలసిన పెద్దలు, అమెరికాలో చిక్కుకుపోయిన తోబుట్టువులు వంటి కొద్దిమందికే వేరే మీటింగ్ పెట్టి, వెయిటింగ్ రూమ్ దగ్గర పేర్లూ ముఖాలూ తెలిసిన ఇంటి మనిషిని కూర్చోబెట్టండి. ఆ పని వీడియోగ్రాఫర్‌కు అప్పగించకండి, ఆయనకు మీ మేనత్త ఎవరో తెలియదు.

ప్రసారాన్ని ‘అన్‌లిస్టెడ్’ పద్ధతిలో పెడితే అది వెతుకులాటలో కనబడదే కాని, లింకు దొరికిన ఎవరైనా చూడగలరని గుర్తుంచుకోండి. ఆ వీడియోలో పిల్లల ముఖాలు, ఒంటిమీది నగలు, పెళ్లివారి ఇల్లు అన్నీ ఉంటాయి. చూడలేకపోయినవారి కోసం వారం రోజులు ఉంచి, తరువాత ‘ప్రైవేట్’లోకి మార్చండి.

ఇక మీ రెండో ప్రశ్న. నన్ను ఎక్కువగా భయపెడుతున్నది ఇదే. చొరబడినవాడు ఒక గంట చెడగొట్టి పోతాడు, కాని అతిథుల కాగితాలు బయటపడితే ఆ నష్టాన్ని వెనక్కి తీసుకోలేము. టీకా సర్టిఫికెట్‌లో పేరు, వయసు, గుర్తింపు కార్డు చివరి అంకెలు, లబ్ధిదారు నంబరు, ఏ టీకా ఏ తేదీన ఎక్కడ వేయించుకున్నదీ అన్నీ ఉంటాయి. 2021 మే నెలలోనే కేంద్ర హోంశాఖవారి సైబర్ భద్రతా ప్రచార ఖాతా సైబర్ దోస్త్, ఆ సర్టిఫికెట్లను సోషల్ మీడియాలో పెట్టవద్దని, వాటిని మోసగాళ్లు వాడుకోగలరని హెచ్చరించింది. దానికి ఆధార్ కాపీ, ఫోన్ నంబరు కూడా జతచేసి రెండు వందల కుటుంబాల వివరాలను ఒకే ఫోల్డరులో పోగుచేస్తే, మోసగాడు కష్టపడి ఏరుకోవలసినదంతా మనమే ఒకచోట పేర్చి ఇచ్చినట్లవుతుంది. ‘మీ రెండో డోసు తేదీ ఫలానా, బూస్టర్ కోసం ఓటీపీ చెప్పండి’ అని మీ పెదనాన్నగారికి ఫోన్ వస్తే, అన్ని వివరాలూ సరిగ్గా చెబుతున్న ఆ గొంతును ఆయన ఎందుకు అనుమానిస్తారు?

ఫారం తయారుచేసే తీరులోనూ అజాగ్రత్త ఉంది. జవాబుల షీటును ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అని పెట్టి, కేటరింగ్ వాళ్లకూ, హాలు మేనేజరుకూ, సెక్యూరిటీకీ ఆ లింకే పంపుతారు. ఫారంలో జవాబుల సారాంశం చూపించే వీలు తెరిచి ఉంటే, వివరాలు నింపిన అతిథి మిగిలిన అతిథుల జవాబులను కూడా చూడగలడు. పెళ్లి అయిపోయాక ఆ ఫోల్డరు ఎవరి ఖాతాలో ఉందో, ఎవరు తొలగిస్తారో అడిగేవారే ఉండరు. వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు 2019 నుంచి పార్లమెంటు సంయుక్త కమిటీ ముందే ఉండిపోయినందువల్ల, 2021 నాటికి ఈవెంట్ సంస్థను నిలదీయడానికి అతిథులకు గట్టి చట్టమూ లేకపోయింది.

అసలు కాపీ తీసుకోవలసిన అవసరమే లేదు. కోవిన్ (ప్రభుత్వ టీకా పోర్టల్) సర్టిఫికెట్ మీది క్యూఆర్ కోడ్‌లో డిజిటల్ సంతకం ఉంటుంది. కోవిన్ వారి తనిఖీ పేజీని హాలు గుమ్మం దగ్గర ఫోనులో తెరిచి, అతిథి ఫోనులోని కోడ్‌ను స్కాన్ చేస్తే అది అసలుదో కాదో అక్కడికక్కడే తెలుస్తుంది. తెర మీద వచ్చిన పేరు, కాగితం మీది పేరు ఒకటేనా అని చూసి లోపలికి పంపండి. ఏదీ ఫొటో తీయకండి, ఏదీ రాసుకోకండి. గుర్తింపు కార్డు చూపించక తప్పదంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ చాలు. 2021 శ్రావణం నాటికి పిల్లలకు ఇంకా టీకాలు రాలేదు కనుక వారిని సర్టిఫికెట్ అడిగే నియమం పెట్టకండి. ఈవెంట్ వాళ్లు ‘అందరూ తీసుకుంటున్నారు’ అంటే, ఎన్ని రోజులు ఉంచుతారో, ఎవరు చూస్తారో రాతపూర్వకంగా ఇమ్మనండి.

చదివింపుల కోసం శుభలేఖ మీద యూపీఐ క్యూఆర్ కోడ్ అచ్చువేస్తున్నారు కనుక ఒక్క మాట. డబ్బు పంపే ముందు తెర మీద కనబడే పేరు చూసుకోమని బంధువులకు చెప్పండి. ఫార్వర్డ్ అయిన శుభలేఖలో కోడ్ మార్చడం కష్టమేమీ కాదు.

మీరు అడగకపోయినా, హాలులో పెట్టే పరికరాల గురించి చెప్పాలి. నుదుటి మీద చూసే థర్మామీటరు గన్‌ను ఎండలో నుంచి వచ్చిన మనిషికి వెంటనే పెడితే ఆ అంకెకు అర్థం లేదు, పైగా లక్షణాలు లేని రోగిని అది పట్టుకోలేదు. అంతకంటే గాలి ముఖ్యం. గాలిలో వైరస్ ఎంత ఉందో ఏ పరికరమూ చెప్పదు కాని, మనం వదిలిన ఊపిరి హాలులో ఎంత పేరుకుందో కార్బన్ డయాక్సైడ్ మీటరు చెబుతుంది. ఆరుబయట అది 400 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లు) పైచిలుకు చూపిస్తుంది, లోపల 800 దాటితే తలుపులు తెరవాలి. మామూలు స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుందని చాలామందికి తెలియదు. అగ్గువ మీటర్లలో చాలా వాటికి అసలు ఆ వాయువును కొలిచే సెన్సారే ఉండదు, ఇతర ఆవిర్లను బట్టి ఒక అంకె ఊహించి చూపిస్తాయి. అలాంటి దానికి సేఫ్టీ పరికరం అని పేరు పెట్టి అమ్మడం మోసమే. దాని దగ్గర శానిటైజరు రాసుకున్న చేయి పెట్టండి, అంకె ఒక్కసారిగా ఎగబాకితే తిరిగి ఇచ్చేయండి. పరారుణ కాంతితో ఆ వాయువునే కొలిచే ‘ఎన్‌డీఐఆర్’ సెన్సారు ఉన్నదే కొనండి, దాన్ని హోమగుండానికి దూరంగా పెట్టండి, ఎందుకంటే మంట కూడా ఆ వాయువునే వదులుతుంది.

చివరగా శబ్దం సంగతి. మీటింగ్ యాప్‌లు మనిషి మాటను ఉంచి మిగిలినదాన్ని రొదగా భావించి తొలగిస్తాయి. అందువల్ల సరిగ్గా మాంగల్యధారణ వేళ గట్టిమేళం మొదలుకాగానే సన్నాయి ముక్కలు ముక్కలై, డోలు మాయమై, పురోహితుని మంత్రం కూడా తెగిపోతుంది. సెట్టింగుల్లో నాయిస్ సప్రెషన్‌ను ఆపి, ‘ఒరిజినల్ సౌండ్’ వంటి వీలు ఉంటే తెరిచి, మైకు పురోహితునికి దగ్గరగా పెట్టండి. అందరూ కలిసి మంత్రం చెప్పే ప్రయత్నం మాత్రం వద్దు, ఒకరి గొంతు మరొకరికి ఆలస్యంగా చేరుతుంది కనుక కలవదు. కొత్తగా తెరిచిన ఛానెల్‌కు లైవ్ అనుమతి రావడానికి కొన్ని వేదికలలో 24 గంటలు పట్టవచ్చు. అందుకే ఆ పని వారం ముందే పూర్తిచేసి, ముందురోజు మేళంవారిని ఒక్క నిమిషం వాయించమని, ఊరు దాటి ఉన్న ఒకరిని ఆ లింకులో వినమని అడగండి.