ఏంజెల్ చేపలు, మా మామయ్య, ఆదివారం కడుగుడు

"ఇంట్లో అక్వేరియం పెట్టి ఏంజెల్ చేపలు పెంచుదామనుకుంటున్నాం. మొదటిసారి పెంచేవాళ్ళకి కష్టమంటున్నారు, నిజమేనా?" అని కదా మీ ప్రశ్న.

చేపలు కష్టం కాదండీ. మన ఇళ్ళల్లో ఆదివారం పొద్దున్నే మొదలయ్యే కడుగుడు ఉంది చూశారూ, దాన్ని ఆపడం కష్టం. నన్నడిగితే పది అక్వేరియాల్లో తొమ్మిది ఆ కడుగుడికే ఖాళీ అవుతాయి. లెక్కలేమీ తీయలేదు, మా చుట్టాల ఇళ్ళూ మా స్కూలు స్టాఫు ఇళ్ళూ చూసి చెబుతున్నా.

మాది హనుమకొండ. 2019లో మా బాబు పుట్టినరోజుకి షాపుకెళ్ళి రెండడుగుల ట్యాంకు కొన్నాం. నీలం గులకరాళ్ళు, నోరు తెరిచి బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి, ఐదు రూపాయల బిళ్ళంత ఉన్న నాలుగు ఏంజెళ్ళు. "ఇంకో డజను కూడా పడతాయి మేడం" అన్నాడు షాపతను. నీళ్ళు పోసిన గంటకే చేపల్ని వదిలేశాం. కవర్ని పావుగంట నీళ్ళలో తేలనిచ్చి అప్పుడు విప్పమన్నాడు. ఆ ఒక్క సలహా మాత్రం సరైనదే.

మా మామయ్య రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి కాజీపేటలో రిటైరయ్యారు. ఆయనకి మరక కనిపిస్తే నిద్ర పట్టదు. మూడో వారానికి ట్యాంకు నీళ్ళు కాస్త తెల్లబారాయి. ఆ ఆదివారం నేను బజారుకెళ్ళి వచ్చేసరికి చేపలు నాలుగూ బకెట్లో ఉన్నాయి, గులకరాళ్ళు జల్లెడలో ఉన్నాయి, మామయ్య కుళాయి కింద ఫిల్టర్ స్పాంజి పిండుతున్నారు. గోధుమరంగు నీళ్ళు కారుతుంటే ఆయన మొహంలో ఆనందం చూడాలి. "ఎంత మురికి పట్టిందో చూడు బిడ్డా. మంచిగ కడిగి పెట్టిన, ఇగ నెల దాకా చూసుకునే పని లేదు" అన్నారు. నిజంగానే గాజంతా మెరిసిపోతోంది. నేను కూడా మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు.

సాయంత్రానికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. మంగళవారానికి మూడు పోయాయి. బాబు రెండు రోజులు తాతయ్యతో మాట్లాడలేదు. మిగిలిన ఒక్కదాన్ని మా స్కూల్లో సైన్స్ మాస్టారి ఇంటి ట్యాంకులో దింపి వచ్చాను. అప్పుడాయన చెప్పింది విన్నాక తల కొట్టుకున్నంత పనైంది.

ఆ గోధుమరంగు మురికే చేపల్ని బతికిస్తుందట. చేపల వ్యర్థాల నుంచీ తినకుండా మిగిలిన మేత నుంచీ నీళ్ళలోకి అమ్మోనియా వస్తుంది, అది విషం. స్పాంజిలో చేరే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మామయ్య మూడో వారంలో దాన్ని క్లోరిన్ నీళ్ళతో కడిగేశారు. తోడేసిన పాలగిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టినట్టన్నమాట. ఇక పెరుగెక్కడ తోడుకుంటుంది?

తోడంటే గుర్తొచ్చింది. కొత్తగా పెట్టేవాళ్ళకి ఇంతకంటే మంచి చిట్కా లేదు. ఎవరి ఇంట్లోనైనా ఏడాదిగా బాగా నడుస్తున్న ట్యాంకు ఉంటే వాళ్ళ స్పాంజిలో ఓ ముక్క అడిగి తెచ్చుకోండి. దాన్ని మీ ఫిల్టర్‌లో పెట్టి, రెండు గప్పీలు (చిన్న చేపలు) వదిలి నడపండి, నెల తర్వాత ఏంజెళ్ళు తెచ్చుకోండి. ఇంకోసారి నేను చేసింది అదే. అప్పటి నుంచి వారానికి పావు వంతు నీళ్ళే మారుస్తాం. నీళ్ళు ముందురోజే బకెట్లో పట్టి ఉంచుతాం, పోసేముందు క్లోరిన్‌ని పోగొట్టే యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాం. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు నొక్కి వదిలేస్తాం. తెల్లబడేదాకా పిండొద్దు.

ట్యాంకు కొలతల్లో కూడా షాపులవాళ్ళు పెద్ద మోసం చేస్తారు. ఏంజెల్ పొడవుగా కాదు, ఎత్తుగా పెరుగుతుంది. రెక్కలతో కలిపి దాదాపు జానెడు ఎత్తవుతుంది. దాన్ని అడుగు ఎత్తున్న ట్యాంకులో పెడితే, ద్వారబంధం తలకి తగిలే ఇంట్లో పొడుగాటి మనిషి తిరిగినట్టే. మా రెండో ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, అడుగుంపావు వెడల్పు. దాదాపు 160 లీటర్లు పడుతుంది. అంటే నీళ్ళ బరువే 160 కిలోలు, టీవీ స్టాండు మీద పెట్టకండి. గోళాల్లో చేపల్ని పెట్టి అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాస్తు పేరు చెప్పి ఈశాన్యంలో ఫ్లవర్‌హార్న్‌ని (నుదుట బుడిపె ఉండే చేప) ఒంటరిగా బంధించేవాళ్ళ మీద అంతకంటే ఎక్కువ మండుతుంది గానీ, అది వేరే ప్రశ్న కింద రాస్తాను.

తోడు చేపల సంగతి. మా ఆయన ముచ్చటపడి పది నియాన్ టెట్రాలు తెచ్చారు, ఎర్రగా నీలంగా మెరుస్తూ బాగుంటాయి. ఏంజెళ్ళు చిన్నగా ఉన్నన్నాళ్ళూ కలిసే తిరిగాయి. ఆరు నెలలయ్యాక పొద్దున లెక్కపెడితే తొమ్మిది. మర్నాడు ఎనిమిది. మా ఆయన ఫిల్టర్ వెనకా మొక్కల కిందా వెతికారు పాపం. వాటి అడ్రసు ఏంజెల్ పొట్టే. నోట్లో పట్టే ఏ చేపైనా ఏంజెల్‌కి మేతే, అమెజాన్ నదిలోనూ అది చిన్న చేపల్నీ పురుగుల్నీ తినే బతుకుతుంది. టైగర్ బార్బ్‌లు పెడితే కథ తిరగబడుతుంది, అవి ఏంజెళ్ళ పొడుగు రెక్కల్ని కొరికి పీలికలు చేస్తాయి.

పాచి తింటుందని అంటగట్టే సక్కర్ ఫిష్‌ని అసలు తేవద్దు. పెద్దయ్యాక పాచి తినడం తగ్గించి, రాత్రిళ్ళు ఏంజెల్ పక్కలకి అతుక్కుని ఒంటి మీది జిగురు నాకడం కూడా ఉంటుంది. అది అడుగు దాటి పెరుగుతుంది, అప్పుడు జనం భరించలేక తీసుకెళ్ళి చెరువులో వదులుతారు. మన చెరువుల్లో వలలు చింపుతోందని జాలర్లు మొత్తుకునే డెవిల్ ఫిష్ అదే. మీ డ్రాయింగ్ రూము అందం కోసం ఒకరి వల చిరగాలా?

"ఆదివారం కొర్రమీను పులుసు తింటారు, మళ్ళీ వీటికి పేర్లు పెట్టి పెంచుతారు" అని మా పక్కింటి వదిన వెక్కిరిస్తుంది. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప వదినా, గౌరవంగానే తింటాం అంటాను.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఏంజెల్ పిల్లల్ని జత చూసి కొనలేరు, ఎందుకంటే చిన్నప్పుడు ఆడా మగా తెలియదు. పెద్దయ్యాక కూడా గుడ్లు పెట్టేటప్పుడు మాత్రమే కింద కనిపించే చిన్న గొట్టాన్ని బట్టి చెప్పొచ్చు. ఆడదానికి మొద్దుగా, మగదానికి సన్నగా మొనదేలి ఉంటుంది. అందుకే ఆరు పిల్లల్ని తెచ్చి వదిలితే అవే జత కుదుర్చుకుంటాయి. మా వాటిలో ఓ వెండి రంగుదీ ఓ నల్లదీ కుదిరాయి. కుదిరిన రోజు నుంచీ మిగిలిన నాలుగింటినీ మూలకి నెట్టి కాపలా కాశాయి. ఆ నాలుగింటినీ సైన్స్ మాస్టారికి ఇచ్చేశాం.

మొదటిసారి ఫిల్టర్ పైపు మీద గుడ్లు పెట్టి, తెల్లారేసరికి అవే తినేశాయి. కొత్త జంటలు అలా చేస్తాయట. రెండోసారి మే నెలలో. రెండు రోజులు ఆ పైపుని నోటితో తోమాయి, చూసి మామయ్య మురిసిపోయారు: "నాకంటె మంచిగ కడుగుతున్నయ్." ఆ సాయంత్రం ఆడది పైపు మీద కింది నుంచి పైకి పాకుతూ వరసగా గుడ్లు అంటించుకుంటూ పోయింది, దాని వెనకే మగది. ఆవగింజంత గుడ్లు, తేనెరంగులో, రెండు మూడొందలుంటాయి.

ఎనిమిదింటికి గాలివాన వచ్చింది. మా వీధి చివర చెట్టు విరిగి తీగల మీద పడి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఎయిర్ పంపు నడిపాం. అది పాత బ్యాటరీ, ఒంటి గంటకి కీచుమంటూ ఆగిపోయింది. బుడగలు ఆగాయి. వేసవిలో నీళ్ళు 31 డిగ్రీలుంటే అసలే ప్రాణవాయువు తక్కువ, పైగా స్పాంజిలోని బ్యాక్టీరియాకి కూడా అది కావాలి. పడుకుందాం, అయ్యేదేదో అవుతుందన్నారు మా ఆయన.

మామయ్య లేచి కుర్చీ తెచ్చి ట్యాంకు ముందు వేసుకున్నారు. కొవ్వొత్తి వెలిగించి, పూజగదిలోంచి రాగి చెంబు పట్టుకొచ్చారు. "నువ్వు పో బిడ్డా, నైట్ డ్యూటీ నాకు కొత్తనా?" అన్నారు. ట్యాంకులోంచే చెంబుతో నీళ్ళు ముంచి, జానెడు ఎత్తు నుంచి అందులోకే సన్నగా పోయడం. గుడ్లున్న వైపు కదిలించకుండా ఇటు మూలన. ఇరవై చెంబులు పోసి పది నిమిషాలు ఆగడం, మళ్ళీ ఇరవై. (రాగి నీళ్ళలోకి దిగితే చేపలకి మంచిది కాదని తర్వాత చదివి చెంబు మార్పించాను. ఆ రాత్రి అంత తెలివి లేదు.) మూడింటికి నేను లేచి చూస్తే నల్లది చెంబు మీదికి దూకి ఆయన వేలు కొరుకుతోంది. దాని పళ్ళు మరీ చిన్నవి, గరుకు కాగితం రాసినట్టుంటుంది అంతే. "అట్లనే ఉండాలె. నీ గుడ్ల కాడికి ఎవ్వర్ని రానియ్యకు" అని దానికి చెబుతూ మళ్ళీ పోస్తున్నారు. మధ్యమధ్యలో కాజీపేట వైపు రైలు కూత వినిపిస్తే అది ఏ బండో, ఎంత లేటో నాకు చెప్పారు.

ఐదూ నలభైకి కరెంటొచ్చింది. బుడగలు లేచాయి. కొవ్వొత్తి ఆర్పి, గుడ్లన్నీ ఉన్నాయని టార్చి వేసి చూసుకుని, మొహం కడుక్కోవడానికి వెళ్ళారాయన. ఏడింటికి అందరం టీ గ్లాసులతో వచ్చి చూస్తే పైపు నున్నగా ఉంది. ఒక్క గుడ్డు లేదు. నల్లది నోరాడిస్తోంది.

నాకు ఏడుపొచ్చింది. మామయ్య టీ తాగుతూ చాలాసేపు చూసి, "రాత్రంత నిద్ర లేకపాయె, ఆకలైందేమో పాపం" అన్నారు.

ఆ మధ్యాహ్నమే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొన్నాం. మీరూ చేపల కంటే ముందు అది కొనుక్కోండి. వేసవిలో పైమూత తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే నీళ్ళు రెండు డిగ్రీలు తగ్గుతాయి. డిసెంబరు, జనవరిలో హీటర్ తప్పనిసరి, 27 దగ్గర పెట్టి వదిలేయండి. బోరు నీళ్ళు గట్టివని టెన్షన్ పడొద్దు. మన షాపుల్లోకి వచ్చేవి చెన్నై కొళత్తూరులాంటి చోట్ల తొట్లలో పుట్టి పెరిగినవి, అమెజాన్ నీళ్ళు వాటి తాతలక్కూడా తెలియవు. మేత రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంతే. వచ్చిన చుట్టాలందరూ తలా ఓ చిటికెడు వేస్తామంటే డబ్బా దాచేయండి. గాజు మీద వేలితో కొట్టే పిల్లల్ని ఏం చేయాలో నాకూ తెలియలేదు.

మూడోసారి రెండు వారాలకే పెట్టాయి. ఈసారి తినలేదు. మూడో రోజుకి పగిలి, తలలు పైపుకి అంటుకుని తోకలు మాత్రం ఆడుతున్నాయి. ఇంకో ఐదారు రోజులకి ఈదాయి. వాటికి ఆర్టీమియా (ఉప్పునీళ్ళలో పుట్టే బుల్లి రొయ్యల్లాంటివి) పిల్లలే మేత. ఉప్పునీళ్ళ సీసాలో గాలి పెట్టి రోజూ పొదిగించాలి, ఆ డ్యూటీ కూడా మామయ్యే తీసుకున్నారు. చివరికి పదకొండు నిలిచాయి.

మొన్న మా వీధి కుర్రాడొకడు కొత్త ట్యాంకు కొని, ఓ జత పిల్లల్ని ఇమ్మని వచ్చాడు. ట్యాంకు ఎత్తెంత, ఎన్ని రోజులైంది, ఇంట్లో ఎవరు కడుగుతారు అని మామయ్య పెళ్ళి సంబంధం మాట్లాడినట్టు గంటసేపు ఆరా తీశారు. తర్వాత లేచి కత్తెర తెచ్చి మా స్పాంజిలో ఓ ముక్క కత్తిరించి, ట్యాంకు నీళ్ళతో సహా కవర్లో కట్టి అతని చేతిలో పెట్టారు. "ముందు దీన్ని పెంచు. నెల తర్వాత రా" అన్నారు.