డాక్టర్ సలహా: ఎమ్మెస్‌కు స్టెమ్ సెల్స్, తిప్పతీగ కషాయం వాడొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 28 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల క్రితం ఎడమ కన్ను ఉన్నట్టుండి మసకబారింది. కొన్నాళ్లకు నడుము కింద నుంచి తిమ్మిర్లు మొదలయ్యాయి. ఎమ్మారై తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అన్నారు. ఏడాదిన్నరగా ఫింగోలిమాడ్ మాత్ర వేసుకుంటోంది, మళ్లీ అటాక్ రాలేదు. అయితే జబ్బు పూర్తిగా పోదని డాక్టర్లు చెబుతున్నారు. బంధువులొకరు స్టెమ్ సెల్స్ ఎక్కించే క్లినిక్ గురించి చెప్పారు. ఆరు లక్షలవుతుందట, ప్లాటు అమ్మాలి. ఇంకొకరు తెలిసిన వైద్యుడి దగ్గర పొడి, తిప్పతీగ కషాయం, ఆవిరి చికిత్స ఇప్పిస్తామంటున్నారు. అందుకు ఇంగ్లిష్ మందులు ఆపేయాలట. శ్రావణంలో మొదలుపెడదామంటున్నారు. అమెరికాలో ఉన్న మా అన్న కొడుకేమో విటమిన్ డి పెద్ద డోసులో వాడమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను. అంతకంటే ముందు ఒక్క మాట. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా సరే, అమ్మాయి వేసుకుంటున్న మాత్ర మాత్రం న్యూరాలజిస్టుకు చెప్పకుండా ఆపొద్దు. ఫింగోలిమాడ్ హఠాత్తుగా మానేసిన కొందరిలో, మందు మొదలుపెట్టక ముందుకన్నా తీవ్రంగా జబ్బు తిరగబెడుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది.

ఇది నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం ఓ కుర్రాడిని వీల్‌చైర్‌లో తీసుకొచ్చారు. అంతకుముందు చెకప్‌కు వచ్చినప్పుడు బైకు నడుపుకుంటూ వచ్చినవాడు. మూడు నెలల క్రితం మాత్ర మానేసి ఏదో పొడి మొదలుపెట్టాడు. ఏం వాడుతున్నారని అడిగితే వాళ్లమ్మ సంచిలోంచి పాత హార్లిక్స్ సీసా తీసి టేబుల్ మీద పెట్టింది. సగానికి పైగా ఖాళీ అయిన బూడిద రంగు పొడి, మూతకు కుంకుమ బొట్టు. రోజుకు మూడు చిటికెలు తేనెతో. లేబుల్ లేదు, అందులో ఏముందో ఆమెకూ తెలియదు. ఎమ్మారైలో మెదడు నిండా కొత్త మచ్చలు. నేను చూస్తుండగానే ఆమె అడిగింది: ‘ఇది కూడా ఆపెయ్యాలా సార్?’ ఇప్పుడా అబ్బాయి చేతికర్రతో నడుస్తున్నాడు.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. మొదటి నెలలో కాళ్లు తేలికపడ్డాయని ఆమె నమ్మింది, బహుశా నిజంగానే పడ్డాయి కూడా. ఎమ్మెస్ నైజమే అంత. మన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున నరాల మీదున్న మైలిన్ పొరపై దాడి చేస్తుంది. కరెంటు తీగకు తొడుగు పోయినట్టు సంకేతాలు దెబ్బతింటాయి. కన్ను మసకబారుతుంది, కాలు తూలుతుంది. కొన్ని వారాలకు వాపు తగ్గి చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. అటాక్ వచ్చినప్పుడు మేమిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా కోలుకోవడాన్ని త్వరపెడతాయి, అంతే. ఎక్కువమందిలో జబ్బు మొదట ఇలా వచ్చిపోతూనే ఉంటుంది. ఆ తగ్గుముఖం పట్టే రోజుల్లో పసరు పోసినా, తాయెత్తు కట్టినా, లక్షలు పోసి సెల్స్ ఎక్కించినా, పేరు వాటికే వస్తుంది. అందుకే ‘మా వాళ్లకు తగ్గింది’ అనే మాట నిజాయతీగా చెప్పిందే అయినా ఈ జబ్బులో సాక్ష్యంగా నిలబడదు. పైకి ఏ లక్షణమూ లేని రోజుల్లో కూడా లోపల కొత్త మచ్చలు పడుతుంటాయి. అవి ఎమ్మారైలోనే కనిపిస్తాయి.

మీకు ఇటలీ డాక్టర్ సంగతి చెప్పాలి. ఫెరారా విశ్వవిద్యాలయంలో పావ్లో జాంబోనీ అని రక్తనాళాల నిపుణుడు. ఆయన భార్యకు ఎమ్మెస్. మెడలోని సిరలు ఇరుకై మెదడు నుంచి రక్తం సరిగా దిగకపోవడమే ఈ జబ్బుకు కారణమని, బెలూన్‌తో వాటిని వెడల్పు చేస్తే మేలు జరుగుతుందని ఆయన 2009లో ప్రకటించారు. ప్రపంచమంతా ఊగిపోయింది. కెనడా నుంచి రోగులు పోలండ్‌కు, కోస్టారికాకు, మన దేశానికి కూడా వచ్చి ఆ చికిత్స చేయించుకున్నారు. మంచం దిగి నడిచామని వీడియోలు పెట్టారు. కొందరికి రక్తం గడ్డలు కట్టాయి, ప్రాణాలూ పోయాయి. ఆ తర్వాత కెనడాలో 104 మందితో పరీక్ష చేశారు. దాదాపు సగం మందికి నిజంగా బెలూన్ పెట్టారు, మిగతావాళ్లకు పెట్టినట్టు చేశారంతే. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులకూ తేడా లేదు. జాంబోనీ తానే ఇటలీలో అలాంటి పరీక్ష నడిపి, ఈ చికిత్సను సిఫారసు చేయలేమని 2017లో రాశారు. భార్య కోసం వెతికిన మనిషి, తన ఆశకు ఎదురుగా వచ్చిన ఫలితాన్ని దాచకుండా చెప్పారు. ఆయన మీద నాకు గౌరవం అందుకే.

ఇక మీ బంధువులు చెప్పిన స్టెమ్ సెల్స్. ఇక్కడ ఒకే పేరుతో రెండు వేర్వేరు విషయాలు నడుస్తున్నాయి. ఒకటి, పెద్ద ఆసుపత్రుల్లోని బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ విభాగంలో చేసేది. రోగి మూలకణాలే (స్టెమ్ సెల్స్) సేకరించి, గట్టి కీమోథెరపీతో రోగనిరోధక వ్యవస్థను దాదాపు తుడిచిపెట్టి, ఆ కణాలను తిరిగి ఎక్కిస్తారు. మందులకు లొంగకుండా అటాక్‌లు వస్తున్నవాళ్లలో ఇది పనిచేస్తుందని 2019లో వెలువడిన ట్రయల్ చూపింది. ఇన్ఫెక్షన్ల ముప్పు, సంతానం కలగకపోయే ప్రమాదం దీనికి ఉన్నాయి. మాత్రతో జబ్బు అదుపులో ఉన్న మీ అమ్మాయికి ఇప్పుడు దాని అవసరం లేదు.

రెండోది, బొడ్డుతాడు నుంచో కొవ్వు నుంచో తీశామని చెప్పి సెలైన్‌లోనో వెన్నులోనో ఎక్కించి పంపేసేది. సాధారణంగా క్లినిక్‌లు అమ్మేది దీన్నే. దీంతో ఎమ్మెస్ నయమవుతుందని రుజువు కాలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే ఇవ్వాలి, చికిత్సగా అమ్మకూడదు. పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు వసూలు చేయడమే ఒక హెచ్చరిక. ‘మీ ట్రయల్ సీటీఆర్‌ఐ నంబర్ ఎంత?’ అని ఆ క్లినిక్‌ను అడగండి. అది దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ, ఎవరైనా నెట్‌లో చూడొచ్చు. నంబర్ చెప్పకుండా పాత పేషెంట్ల వీడియోలు చూపిస్తే లేచి వచ్చేయండి. ప్లాటు అమ్మొద్దు మాస్టారూ. ఈ జబ్బుకు ఏళ్ల తరబడి మందులు, ఎమ్మారైలు, ఫిజియోథెరపీ కావాలి. ఆ డబ్బుకు అసలు అవసరం అక్కడ పడుతుంది.

తిప్పతీగ గురించి. కరోనా రోజుల్లో ఇమ్యూనిటీ పెరుగుతుందని ఇంటింటా తాగారు. మీ అమ్మాయి సమస్య ఇమ్యూనిటీ తక్కువవడం కాదు, అది దారి తప్పడం. దాన్ని అదుపు చేయడానికే మాత్ర ఇస్తున్నాం. పైగా తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశ డాక్టర్లే 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. కానీ ఫింగోలిమాడ్‌తో కూడా లివర్ ఎంజైములు పెరుగుతాయి కాబట్టి, రెండూ కలిపి వాడితే ఏది దెబ్బ తీసిందో తేల్చడం కూడా కష్టం. లేబుల్ లేని పొడి అసలే వద్దు. 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో అమ్ముతున్న ఆయుర్వేద మందులు 193 పరీక్షిస్తే, దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నాయి. అవి పేరున్న డబ్బాల్లో అమ్మినవి.

ఆవిరి చికిత్స కూడా వద్దనే చెబుతాను. ఒంట్లో వేడి పెరిగితే పొర దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు ఇంకా మందగిస్తాయి. చూపు మసకబారడం, కాళ్లు తేలిపోవడం కనిపిస్తాయి. ఒళ్లు చల్లబడితే మామూలైపోతుంది, కొత్త అటాక్ కాదు. కానీ ఆవిరి గదిలో కాళ్లు తేలి పడిపోతే ఎముక విరుగుతుంది. మన ఎండాకాలంలో కూడా ఇంతే జాగ్రత్త కావాలి.

మీ అన్నగారి అబ్బాయి మాటలో కొంత పస ఉంది. విటమిన్ డి తక్కువున్నవాళ్లలో ఎమ్మెస్ ఎక్కువ. జబ్బు తొలి దశలో, వేరే మందులు వాడనివాళ్లకు రెండు వారాలకోసారి లక్ష యూనిట్లిస్తే ఎమ్మారైలో మేలు కనిపించిందని 2025లో ఫ్రాన్స్ ట్రయల్ చెప్పింది. 2023లో మరో ట్రయల్‌లో, మందులకు తోడుగా రోజుకు 5,000 యూనిట్లు ఇచ్చినా 600 యూనిట్లకు మించి ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి రక్తపరీక్ష చేయించి, తక్కువుంటే డాక్టర్ చెప్పినంత వాడొచ్చు. వీడియోల్లో చెప్పినట్టు రోజుకు 50 వేలు, లక్ష యూనిట్లు వేసుకుంటే కాల్షియం పెరిగి కిడ్నీలు పాడవుతాయి. మన దగ్గర వారానికోసారి పాలలో వేసుకోమని ఇచ్చే 60 వేల యూనిట్ల ప్యాకెట్‌ను రోజూ వేసుకుని వాంతులతో వచ్చినవాళ్లున్నారు.

యోగా, ప్రాణాయామం చక్కగా చేయించండి. అలసటకు, తూలుడుకు పనికొస్తాయి. చల్లటి వేళ చూసుకోవాలి, అంతే. అమ్మాయి సిగరెట్ తాగే మనుషుల మధ్య ఉండకపోవడం కూడా అవసరమే. రెండో అభిప్రాయం కావాలంటే నిమ్స్ న్యూరాలజీకి ఎమ్మారై సీడీలన్నీ తీసుకుని వెళ్లండి. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో శాఖ ఉంది, అక్కడ ఇదే జబ్బుతో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు అమ్మాయితో మాట్లాడతారు. పెళ్లి, పిల్లల ఆలోచన ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి. గర్భం రాకముందే ఈ మాత్ర మార్చాలి, అదీ డాక్టర్ చూసుకుంటూ చేయాలి.

ఈ రాత్రికే అమ్మాయికి ఫోన్ చేసి, మాత్రలు రోజూ వేసుకుంటోందో లేదో కనుక్కోండి. ఒకవేళ ఇంట్లోవాళ్ల మాట విని ఇప్పటికే మానేసి రెండు వారాలు దాటితే, తనంతట తాను మళ్లీ మొదలుపెట్టొద్దు. మొదటి మాత్రకు గుండె వేగం పడిపోవచ్చు. ఆసుపత్రిలో వేసుకుని ఆరు గంటలు పరిశీలనలో ఉండాలి. రేపు పొద్దున్నే ఆమె న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.