సరెండర్ లీవు బిల్లు 31తో కాదండీ, 30తో

మార్చిలో 15 రోజుల ఈఎల్ (ఆర్జిత సెలవు) సరెండర్ చేస్తే, అంటే వాడుకోకుండా డబ్బుగా తీసుకుంటే, మీ మున్సిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లో నెల జీతాన్ని 31తో భాగించారన్నారు కదా, అది తప్పండీ. నెలకి 28 రోజులున్నా 31 ఉన్నా సరెండర్‌కి 30తోనే లెక్క, మన రెండు రాష్ట్రాల్లోనూ అంతే. అంటే 15 రోజులకి సరిగ్గా సగం జీతం: బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిపి. బేసిక్ ఒక్కటే చూసినా 40,000కి 20,000 రావాలి, వాళ్ల లెక్కలో 19,355 దగ్గరే ఆగిపోతుంది. శాంక్షన్ ఆర్డర్ నకలు పెట్టి తేడాకి సప్లిమెంటరీ బిల్లు అడగండి.

పనిలో పనిగా ఎస్‌ఆర్ (సర్వీస్ రిజిస్టర్) తెరిపించి, లీవు ఖాతాలో 15 రోజులే తగ్గించారేమో మీ కళ్లతో చూసుకోండి. నాకు ఒకసారి ఏకంగా 30 కొట్టేశారు! ఈ డబ్బు మీద ఇన్‌కం టాక్స్ మాత్రం పూర్తిగా పడుతుంది.