క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా?

ప్రశ్న: నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది. పళ్లు తోముకుంటుంటే రక్తం పడుతోంది, నొప్పి మాత్రం లేదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని ఇంట్లో అంటున్నారు. చేయించాలా, వద్దా?

చేయించాలి, అదీ ఈ వారంలోనే. పిప్పి పన్నయితే రాత్రంతా నిద్రపోనివ్వదు కాబట్టి తెల్లారేసరికి ఎవరైనా డాక్టరు దగ్గరికి పరుగెడతారు. చిగుళ్ల జబ్బు అలా కాదు. లోపల పంటిని పట్టి ఉంచే ఎముక సగం కరిగిపోయినా మనిషి జంతికలు నములుతూనే ఉంటాడు. పన్ను కదిలాక వస్తాడు, అప్పటికి పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు.

వదులవుతాయన్న మాట ఎందుకు పుట్టిందంటే, కింది వరసలో ముందు పళ్ల వెనక ఒకసారి నాలుకతో తడిమి చూడమనండి. గరుగ్గా, గట్టు కట్టినట్టు తగిలేదే గార. లాలాజలం ఊరే నాళాలు నాలుక కింద అక్కడే తెరుచుకుంటాయి. తీయకుండా వదిలేసిన పాచి మీద లాలాజలంలోని కాల్షియం చేరి, ఒకటి రెండు రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న గార నాలుగైదు పళ్లను సిమెంటు పెట్టినట్టు కలిపి పట్టుకుంటుంది. గార తీసే పరికరం స్కేలర్, దాని మొన తగలగానే అది పెచ్చుగా ఊడి పడుతుంది. పైభాగం పసుపుగా ఉంటే, చిగురు కిందున్న భాగం నల్లగా ఉంటుంది. పెచ్చు పోగానే నాలుకకి సందు తగులుతుంది. వారం పది రోజుల్లో చిగురు వాపు తీసి ఆ సందు ఇంకా పెద్దగా కనిపిస్తుంది, చల్లనీళ్లు జివ్వుమంటాయి. ఇక నేరం క్లీనింగ్ మీద పడుతుంది. నిజానికి సందు ఎముక కరిగిన నాడే వచ్చింది, ఇన్నాళ్లూ గార దాన్ని కప్పిపెట్టింది.

డాక్టర్ని ఒక్క మాట అడగండి: ప్రోబ్‌తో, అంటే కొలత గీతలున్న సన్నటి పుల్లతో, ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల చిగురికీ పంటికీ మధ్య లోతు కొలుస్తారా అని. 3 మి.మీ. వరకు మామూలే. 4 గానీ అంతకుమించి గానీ ఉండి రక్తం వస్తే జబ్బు ముదురుతున్నట్టే. కొలవకుండా పైపైన మెరుగు పెట్టి పంపిస్తే చిగురు కింది గార అక్కడే ఉండిపోతుంది.

షుగర్ సంగతి, వాడే మాత్రల సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. షుగర్ అదుపులో లేకపోతే చిగురు త్వరగా పాడవుతుంది, చిగురు వాచి ఉంటే షుగర్ ఓ పట్టాన దిగదు. చిగుళ్లకు సరైన వైద్యం జరిగితే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే రక్తపరీక్ష) సగటున 0.4 శాతం దాకా తగ్గుతుంది. అయినా షుగర్ డాక్టర్లు పాదాలు చూస్తారు, కళ్లు చూపించుకోమంటారు, నోరు తెరవమనే వాళ్లు ఎంతమంది? ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునే కొందరిలో చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతాయి. అలాగని మాత్ర సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

నాన్నగారికి సిగరెట్ అలవాటుంటే మరీ జాగ్రత్త. నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తుంది, అందుకే పొగతాగేవాళ్లకి జబ్బు ముదిరినా రక్తం అంతగా కనిపించదు.

రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ పెట్టడం మానేస్తారు, అదే పెద్ద పొరపాటు. మెత్తటి బ్రష్‌ని చిగురు అంచు మీద 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్నగా కదిలిస్తూ రెండు నిమిషాలు తోమాలి, రాత్రి పడుకునే ముందు తప్పనిసరిగా. సందులకి ఇంటర్‌డెంటల్ బ్రష్, అంటే పళ్ల మధ్య దూరే సన్నటి బ్రష్ వాడాలి. గరుకు పళ్లపొడితో రుద్దితే పన్ను మొదలు అరుగుతుంది తప్ప గార రాదు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే రెండు వారాలకి మించి వాడొద్దు, పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి. పేస్టుతో తోముకున్న అరగంట తర్వాతే పుక్కిలించాలి, లేకపోతే పేస్టులోని నురుగు పదార్థం దాని పనిని తగ్గించేస్తుంది.

క్లీనింగ్ అయిన రెండు మూడు నెలలకి మళ్లీ కొలిపించండి. 6 మి.మీ. లేదా అంతకంటే లోతు ఎక్కడైనా మిగిలితే చిగుళ్ల స్పెషలిస్టుకి చూపించండి, ఫ్లాప్ సర్జరీ (చిగురు తెరిచి లోపల శుభ్రం చేసే ఆపరేషన్) అవసరమో కాదో ఆయన ఎక్స్‌రే చూసి చెబుతారు.