దొరికే కలప కంటే దూరం ఎక్కువైతే దూలాన్ని ఎక్కడ అతకాలి?

అతుకు సరిగ్గా స్తంభం మీదే పడాలి, రెండు స్తంభాల మధ్య కాదు. బరువు పడితే దూలం వంగి, అడుగుభాగం సాగుతుంది. ఆ లాగుడు నడుమ ఎక్కువ. కోసిన చోట దాన్ని మోసే నార ఉండదు కాబట్టి భారమంతా మేకుల మీదే పడుతుంది.

ఉదాహరణకు 24 అడుగుల దూలానికి 16 అడుగుల చెక్కలే దొరికాయనుకోండి. 8 అడుగులకొక స్తంభం నిలిపి, చెక్కలను రెండు వరుసలుగా పక్కపక్కన బిగించాలి: ఒకటి 16+8, రెండోది 8+16. అప్పుడు మధ్య స్తంభాల్లో ఒక్కోదాని మీద ఒక్క అతుకే వస్తుంది, పక్క చెక్క తెగకుండా సాగిపోతుంది. ప్రతి ముక్క చివర కనీసం అంగుళంన్నర ఆనాలి.

అతుకుకు రెండు వైపులా పలకలు కొడితే ఒకే చెక్కంత బలం వస్తుందని చాలామంది నమ్ముతారు. రాదు. మేకుల రంధ్రాలు క్రమంగా వదులై దూలం కుంగుతుంది, ఒక్కోసారి నార వెంట చీలుతుంది. స్తంభం కుదరకపోతే ఎల్‌వీఎల్ దూలమో (పలుచని చెక్క పొరలను జిగురుతో అతికించి చేసినది), ట్రస్సో (త్రికోణాలుగా కూర్చిన చట్రం), స్టీలు దూలమో ఇంజనీరు లెక్క ప్రకారం వాడాలి.